సెలవుల్లో సొంతూరికి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయి. తాళం వేసిన పాత ఇళ్లు తెరిచేవాళ్లు, పిల్లలకు ఊరు చూపించాలనుకునేవాళ్లు, ఒక్కరోజులో పొలం పని చక్కబెట్టుకుని రావాలనుకునేవాళ్లు చాలామంది ఉత్తరాలు రాశారు. ఎక్కువమందికి పనికొచ్చే ప్రశ్నలు ఈసారి తీసుకున్నాం.

ప్రశ్న: మా అమ్మమ్మగారి ఇల్లు కనిగిరి వైపు ఒక పల్లెలో ఉంది. మూడేళ్లుగా తాళం వేసి ఉంది. పెరట్లో చేదబావి, దానికి చిన్న మోటారు ఉన్నాయి. పిల్లలతో వెళ్లి పదిరోజులు ఉందామనుకుంటున్నాం. బావిలోకి మనిషిని దించి శుభ్రం చేయించాలా? ఆ నీళ్లు తాగొచ్చా? (పాఠకుడు, మియాపూర్, హైదరాబాద్)

ముందు బావి సంగతి. చాలాకాలం మూతపడి ఉన్న బావిలోకి మనిషిని దించకండి. ఆకులూ చెత్తా కుళ్లి అడుగున చెడుగాలి చేరుతుంది, ఊపిరికి కావలసిన ప్రాణవాయువు అక్కడ ఉండదు. దిగినవాడు రెండు మూడు నిమిషాల్లో స్పృహ తప్పుతాడు. అతన్ని కాపాడబోయి దిగిన రెండోవాడు, మూడోవాడు కూడా పోయిన ఘటనలు ప్రతి ఎండాకాలం వింటూనే ఉన్నాం. దీపం దించి చూడటం పాత పద్ధతి. దీపం ఆరిపోతే దిగకూడదన్నమాట నిజమే. కానీ వెలుగుతోంది కదా అని దిగడం కూడా క్షేమం కాదు, దీపాన్ని ఆర్పని విషవాయువులూ ఉంటాయి. డీజిల్ ఇంజనును బావి లోపలికి దించి నడపడం అన్నిటికన్నా ప్రమాదం.

మనిషి దిగకుండానే పని జరుగుతుంది. పైన తేలే చెత్తను వలబుట్టతో, మునిగినవాటిని గాలంతో తీయించండి. తరువాత బయట పెట్టిన మోటారుతో నీళ్లు వీలైనంత అడుగుకు తోడించి వదిలేయండి. ఊట మళ్లీ ఊరాక ఇంకోసారి తోడండి. ఆ తరువాత ఊరిన నీళ్లకు బ్లీచింగ్ కలపాలి. పూడిక బాగా పేరుకుని తప్పనిసరిగా మనిషి దిగాల్సి వస్తే, అది నడుముకు తాడు, పైన లాగే మనుషులు, గాలి పంపే ఏర్పాటు ఉన్న పనివాళ్ల పని. పదిరోజుల మకాం కోసం ఆ పని పెట్టుకోవద్దు.

బ్లీచింగ్ లెక్క ఇదీ. బావి అడ్డకొలతను అదే అడ్డకొలతతో హెచ్చించి, నీటి లోతుతో హెచ్చించి, 0.785తో హెచ్చిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. కొలతలన్నీ మీటర్లలో ఉండాలి. ఒకటిన్నర మీటరు అడ్డం, 3 మీటర్ల నీళ్లు ఉన్న బావిలో సుమారు 5,300 లీటర్లుంటాయి. మంచి బ్లీచింగ్ పొడి వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు, అంటే దీనికి 13 గ్రాములు. ఇది మామూలుగా వాడుకలో ఉన్న బావికి చెప్పే కొలత. మూతపడిన బావికి ఎక్కువే పట్టవచ్చు కాబట్టి గంట తరువాత పంచాయతీ సిబ్బంది దగ్గరుండే, నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూపే క్లోరోస్కోపుతో చూపించండి. లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మిగలకపోతే మళ్లీ కలపాలి.

పొడిని నేరుగా బావిలో చల్లడం అందరూ చేసే పొరపాటు. అలా చేస్తే పొడి అడుగుకు పోతుంది, అందులోని సున్నం నీళ్లను కఠినం చేస్తుంది. పొడిని ముందు కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, బకెట్టుకు ముప్పాతిక వంతు నీళ్లు పోసి బాగా కలియబెట్టి, పది నిమిషాలు ఆగండి. సున్నం అడుగుకు చేరుతుంది. పైన తేరిన నీళ్లను ఇంకో బకెట్టులోకి వంచుకుని, దాన్ని చేదతాడుతో నీటి మట్టం కిందికి దించి పైకీ కిందికీ, పక్కలకూ బాగా ఆడించండి. రాత్రి కలిపితే తెల్లారి వాడుకోవచ్చు. సీలు విప్పని పొట్లమే కొనండి. కొట్లో నోరు తెరిచి ఉన్న సంచిలోని పొడిలో క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది.

ఇంత చేసినా మీ ఊళ్లో ఆ నీళ్లు స్నానానికీ గిన్నెలకే. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడయ్యే జబ్బును మన దేశంలో మొదట గుర్తించి ప్రచురించింది 1937లో, ఆనాటి నెల్లూరు జిల్లాలో. మీ కనిగిరి ప్రాంతం ఆనాడు ఆ జిల్లాలోదే. ఫ్లోరైడ్‌ను బ్లీచింగ్ తీయదు. మరిగిస్తే ఇంకా చిక్కబడుతుంది, ఎందుకంటే నీళ్లు ఆవిరై పోతాయి, ఫ్లోరైడ్ మిగిలిపోతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. పదిరోజులు తాగితే జబ్బేమీ రాదు. అయినా పాలపళ్లు ఊడే వయసు పిల్లలున్నారు కాబట్టి తాగడానికీ వంటకూ ఊళ్లోవాళ్లు వాడే శుద్ధినీళ్ల క్యాన్లే తెచ్చుకోండి.

ఇక ఇల్లు. మీరు వెళ్లడానికి రెండు రోజుల ముందే ఊళ్లో తెలిసినవాళ్లతో తలుపులూ కిటికీలూ తీయించండి. పగటిపూట, చేతిలో టార్చి, కాళ్లకు మూసుకున్న బూట్లు ఉండాలి. మూలనున్న చాటలు, బుట్టలు, పాత చాపలు చేత్తో ఎత్తవద్దు, కర్రతో కదపండి. మెయిన్ వేయకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి స్విచ్‌బోర్డులు విప్పించి చూపించండి. ఎలుకలు వైర్ల పైతొడుగు కొరికేసి ఉంటాయి. గ్యాస్ స్టవ్ ఉంటే రబ్బరు ట్యూబు సంగతీ అంతే, చూడటానికి బాగున్నా కొత్తది వేయించండి. బాత్రూములో కంపు కొడితే ట్యాంకు నిండిందని కంగారుపడొద్దు. గొట్టం వంపులో నిలవాల్సిన నీళ్లు ఎండిపోయి ఉంటాయి, రెండు బకెట్లు పోస్తే సరిపోతుంది.

మోటారు వేయగానే గుయ్‌మని శబ్దం చేస్తూ తిరగకపోతే వెంటనే ఆపేయండి. ఒక్క నిమిషం అలాగే ఉంచినా వైండింగ్ కాలే ప్రమాదముంది. కరెంటు పూర్తిగా తీసేసి, వెనక ఫ్యాను మూత విప్పి, షాఫ్టును చేత్తో తిప్పితే చాలాసార్లు పట్టు వదులుతుంది. అప్పటికీ అదే శబ్దమైతే కెపాసిటర్ పోయుంటుంది. మోటారు తిరుగుతున్నా నీళ్లు రాకపోతే గొట్టం అడుగున ఉండే ఫుట్‌వాల్వులోని వాషరు ఎండి బిగుసుకుపోయి ఉంటుంది. గొట్టంలో పోసిన నీళ్లన్నీ కిందికి జారిపోతుంటాయి. వాల్వు మార్చకుండా ఒట్టిగా నడిపితే సీలు కాలిపోతుంది.

ప్రశ్న: పిల్లలకు ఆరుబయట పడుకోవాలని సరదా. నాకు పాముల భయం. దగ్గర్లో పెద్దాసుపత్రి లేదు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? (పాఠకురాలు, మధురవాడ, విశాఖపట్నం)

ఆరుబయట హాయిగా పడుకోండి, కానీ మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుని. నేలమీద చాప వేసుకోవడం మాత్రం వద్దు. మన ప్రాంతంలో మనుషుల ప్రాణాలు తీసేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. వీటిలో నిద్రలో ఉన్నవాళ్లను కరిచేది కట్లపాము. అది రాత్రే తిరుగుతుంది, పక్కలోకి చేరుతుంది. కరిచిన చోట నొప్పీ వాపూ దాదాపు ఉండవు, గాటు కూడా సరిగా కనపడదు. తెల్లవారుజామున పిల్ల కడుపునొప్పని లేచి, కాసేపటికి కనురెప్పలు వాలిపోతూ, మింగలేకపోతుంటే అజీర్ణమనుకుని వాము పెట్టి కూర్చోకండి. పల్లెలో అది పాముకాటు లక్షణం అనుకునే బయల్దేరాలి.

పాము కోసం వెతకడం కన్నా ఎలుకను దూరం పెట్టడం సులువు. మంచాల దగ్గర ధాన్యం బస్తాలు, కట్టెల మోపులు, కోళ్లగూడు ఉండకూడదు. రాత్రి మంచం దిగే ముందు టార్చి వేసి నేల చూడటం, చెప్పులు దులిపి తొడుక్కోవడం పిల్లలకు మొదటిరోజే నేర్పండి.

కాటు పడితే చేయాల్సినవి తక్కువే. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర చెక్కతో, బట్టతో వదులుగా కట్టండి. ఉంగరాలు, పట్టీలు, గడియారం తీసేయండి, వాపు వచ్చాక అవి ఊడిరావు. టైము చూసి రాసుకోండి. నడిపించకండి. తాడు బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏదీ చేయొద్దు. బిగించిన కట్టు వల్ల కాలే పోయే ప్రమాదం ఉంది, పింజర కాటుకు కోత పెడితే రక్తం ఆగదు. పామును చంపి పట్టుకెళ్లనక్కరలేదు. మన దగ్గరిచ్చే మందు ఆ నాలుగు పాములకూ కలిపి చేసిందే. 108 వచ్చేసరికి ఆలస్యమయ్యేలా ఉంటే బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని వెళ్లిపోవచ్చు.

ఎక్కడికి వెళ్లాలన్నది కాటు పడ్డాక ఆలోచించే విషయం కాదు. ఊరికి చేరిన రోజే ఆశా కార్యకర్తను అడగండి: విషం విరుగుడు ఇంజెక్షన్ ఏ ఆసుపత్రిలో ఉంది, రాత్రి డాక్టరు ఎక్కడ ఉంటారు అని. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందున్నా రాత్రి డాక్టరు లేకపోతే సామాజిక ఆరోగ్య కేంద్రానికో, ఏరియా ఆసుపత్రికో నేరుగా వెళ్లాలి. అక్కడ 2 మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. అది గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కినట్టు. ఊరికే కాలయాపన చేస్తున్నారని గొడవపడి పిల్లను వేరే చోటికి తీసుకుపోయేవాళ్లున్నారు, అది చాలా ప్రమాదం. మందు మోతాదు పిల్లలకూ పెద్దలకూ ఒకటే. విషం పాములోంచి వచ్చినంతే ఉంటుంది, పిల్లలకని తగ్గదు. ఎక్కువ మందు ఇస్తున్నారని భయపడకండి.

ప్రశ్న: ఊరెళ్లినప్పుడు మా పెద్దమ్మ జున్నుపాలు ఇస్తుంది. ఒకసారి జున్ను రబ్బరులా సాగింది, ఇంకోసారి అసలు గడ్డే కట్టలేదు. పోయినసారి బస్సులో తెచ్చేలోపే పాలు పాడైపోయాయి. సరైన కొలత చెప్పండి. (పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు)

కొలత ఒక్కటే ఉండదు, అందుకే మీకు ఒక్కోసారి ఒక్కోలా వచ్చింది. ఈనిన వెంటనే పితికిన పాలలో దూడకు రోగాలు రాకుండా కాపాడే మాంసకృత్తులు చాలా ఎక్కువ. వేడి తగలగానే గట్టిపడేవి అవే. పూటపూటకూ అవి తగ్గిపోతాయి. కాబట్టి పాలు తీసుకునేటప్పుడు మొదట అడగాల్సింది ఇవి ఎన్నో పూట పాలు, గేదెవా ఆవువా అని.

మొదటిరోజు గేదెపాలు పచ్చగా, చిక్కగా, జిగటగా ఉంటాయి. వాటికి ఒక గ్లాసుకు మూడు గ్లాసుల మామూలు పచ్చిపాలు కలపాలి. రెండోరోజువైతే సమానంగా కలపండి. మూడోరోజువి అలాగే వాడుకోవచ్చు. ఆ తరువాతివి గడ్డకట్టకపోవచ్చు. ఆవుపాలైతే మొదటిరోజు కూడా రెండు గ్లాసులే కలపండి.

ఈ లెక్కను కూడా గుడ్డిగా నమ్మక్కర్లేదు. కలిపిన పాలు రెండు చెంచాలు చిన్న స్టీలు గిన్నెలో పోసి, కాగుతున్న నీళ్లలో మూతపెట్టి అయిదు నిమిషాలు ఉంచండి. తీసి వేలితో నొక్కి చూడండి. వేలు దిగకుండా గట్టిగా ఉంటే ఇంకో అరగ్లాసు మామూలు పాలు పోయండి. అంచుల్లో పట్టుకుని మధ్యలో వణుకుతుంటే అదే సరైన పదును. నీళ్లలాగే ఉంటే జున్నుపాలు ఇంకొన్ని కలపాలి. ఈ పరీక్షకు పట్టేది అయిదు నిమిషాలే, దీన్ని మానేసినవాళ్లకే మొత్తం గిన్నె పాడవుతుంది.

కలిపిన పాలు లీటరుకు పావుకిలో బెల్లం. బెల్లాన్ని తరిగి పచ్చిపాలల్లోనే కరిగించి, పలుచని బట్టలో వడకట్టండి, ఇసుకా చెత్తా పోతాయి. కరగడం లేదని పాలు వేడిచేయకండి, అక్కడే విరుగుతాయి. కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు ఒక చెంచా, నాలుగు యాలకులు వేయండి. ఇడ్లీపాత్రలో నీళ్లు మరిగాక, పాలగిన్నె మీద పళ్లెం మూతపెట్టి లోపలుంచండి. పళ్లెం లేకపోతే ఆవిరి చుక్కలు పడి పైన గుంటలు పడతాయి. సన్నటి సెగ మీద ఇరవై అయిదు నిమిషాలు చాలు. చాకు గుచ్చితే శుభ్రంగా రావాలి. కుక్కరులో పెడితే వెయిట్ తీసేయండి. రబ్బరులా సాగడానికి ఒక కారణం పాలు తక్కువ కలపడం, రెండోది పెద్దమంట మీద ఎక్కువసేపు ఉడకడం. జున్ను నిండా చిల్లులు పడి నీళ్లు ఊరుతున్నాయంటే మంట ఎక్కువైందని అర్థం. గడ్డకట్టనిదాన్ని పారబోయకండి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో దగ్గరపడేదాకా కాచితే కోవాలా అవుతుంది.

ప్రయాణానికి ముందురోజు రాత్రే పాలను సీసాలో పోసి డీప్ ఫ్రిజ్‌లో గడ్డకట్టించండి. సీసా మెడదాకా నింపొద్దు, గడ్డకడితే ఉబ్బి పగులుతుంది. మూడు నాలుగు దినపత్రికల కాగితాలు చుట్టి థర్మాకోల్ డబ్బాలో పెడితే రాత్రి ప్రయాణానికి ఆగుతాయి. ఇంటికొచ్చాక ఫ్రిజ్ కింది అరలో నెమ్మదిగా కరగనివ్వండి, వేడినీళ్లలో పెట్టొద్దు. పచ్చి జున్నుపాలు రుచి చూడకండి, పిల్లలకు అసలు పెట్టకండి.

మరో మాట. ఈనిన మొదటి గంటల్లో దూడ కడుపునిండా తాగాలి, దాని ప్రాణం ఆ పాల మీదే నిలబడుతుంది. అది తాగగా మిగిలినవే ఇంటివాళ్లకు, చుట్టాలకు. కాబట్టి ఫోన్ చేసి మరీ మాకు తీసిపెట్టమని అడగడం బాగుండదు. ఇచ్చినప్పుడు తీసుకోండి, డబ్బు ఇవ్వబోకండి. గిన్నె మాత్రం ఖాళీగా తిరిగివ్వొద్దు, కాస్త బెల్లమో బియ్యమో పళ్లో వేసి ఇవ్వాలి.

ప్రశ్న: ఊళ్లో బంధువులకు ఏం తీసుకెళ్తే బాగుంటుంది? (పాఠకుడు, ఉప్పల్)

పెద్దవాళ్లున్న ఇంటికి మిఠాయి డబ్బాల కన్నా పనికొచ్చేవి తీసుకెళ్లండి. చార్జింగు టార్చి, మంచి దోమతెర, జారని చెప్పులు, పెద్ద అంకెల బీపీ మిషన్ లాంటివి. వాళ్లు రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రల ఖాళీ అట్ట ఫోటో ముందే తెప్పించుకుని రెండు నెలలకు సరిపడా కొని తీసుకెళ్తే అంతకన్నా మేలు లేదు. మండల కేంద్రంలో అదే మాత్ర దొరక్క రోజుల తరబడి మానేసేవాళ్లు చాలామంది ఉన్నారు. కొన్న బట్టలు ఒక ఇంటికిచ్చి పక్కింటికి ఇవ్వకపోతే మాటలొస్తాయి. ఇస్తే అన్నదమ్ముల ఇళ్లన్నిటికీ ఒకేలా ఇవ్వండి.

ప్రశ్న: ఖమ్మం దగ్గర మా ఊళ్లో రెండెకరాల చేను ఉంది. నాన్న చనిపోయి రెండేళ్లు. పాసుపుస్తకం ఇంకా ఆయన పేరు మీదే ఉంది. కౌలుకిచ్చాం. ఒక్కరోజు వెళ్లి ఏమేం చూసుకోవాలి? (పాఠకుడు, ముంబయి)

ఒక్కరోజే అయితే పొద్దున పొలం, మధ్యాహ్నం కాగితాలు పెట్టుకోండి. పంట కోసి నేల ఖాళీగా ఉండే ఏప్రిల్, మే నెలలు దీనికి మంచివి. పైరున్నప్పుడు గెట్లు కనపడవు.

పొలానికి ఒంటరిగా వెళ్లకండి. కౌలు రైతును, నాలుగు వైపులా గెట్టు పంచుకునే రైతుల్లో కనీసం ఇద్దర్ని వెంటబెట్టుకుని వెళ్లండి. అనుమానంతో కాకుండా, "నాన్న లేరు కదా, హద్దులు నాకు చూపించండి" అని అడిగితే పెద్దవాళ్లు దగ్గరుండి చూపిస్తారు. మూల మూలకూ నిలబడి హద్దురాయి ఉందో లేదో చూడండి. మట్టిలో కూరుకుపోయి ఉంటే అక్కడ తవ్వి చూడాలి. ప్రతి మూల దగ్గరా తేదీ, స్థలం పడేలా ఫోటో తీసుకోండి. గెట్టు మీది తాడిచెట్లు, వేపచెట్లు లెక్కపెట్టి రాసుకోండి. రాయి మాయమైనా చెట్టు మొదలు మిగులుతుంది.

హద్దు ఒక్కసారిగా జరగదు. ఏటా రోటవేటర్ తిప్పేటప్పుడు గెట్టును బెత్తెడు బెత్తెడు చెక్కుతూ పోతారు. వంద మీటర్ల గెట్టు అరమీటరు లోపలికి జరిగితే 50 చదరపు మీటర్లు, అంటే దాదాపు అర గుంట పోయినట్టే. గుంటకు 121 చదరపు గజాలు, ఎకరానికి 40 గుంటలు, మీ రెండెకరాలు 9,680 చదరపు గజాలు. ఫోన్‌లో యాప్ పెట్టుకుని చుట్టూ నడిస్తే వచ్చే విస్తీర్ణం ఉజ్జాయింపే. పెద్ద తేడా ఉంటే అనుమానించడానికి పనికొస్తుంది, పక్క రైతుతో పోట్లాటకు మాత్రం పనికిరాదు. తేడా కనిపిస్తే అక్కడికక్కడ మాట జారకండి. సర్వేకు దరఖాస్తు పెట్టి, పక్క రైతులకు నోటీసు వెళ్లాక వాళ్ల ఎదుటే టిప్పన్ (సర్వే నంబరు పాత కొలతల పటం) ప్రకారం కొలిపించండి. నోటీసు లేకుండా, వాళ్లు లేనప్పుడు కొలిపించుకున్న హద్దు నిలవదు.

మధ్యాహ్నం కాగితాలు. తెలంగాణలో భూముల రికార్డులకు ధరణి పోర్టల్ స్థానంలో 2025 ఏప్రిల్ నుంచి భూభారతి వచ్చింది. మీ సర్వే నంబరు, విస్తీర్ణం, ఖాతా నంబరు పాసుపుస్తకంలో ఉన్నట్టే అక్కడా ఉన్నాయో లేదో సరిచూడండి. నిషేధిత జాబితాలో మీ నంబరు పడిందేమో కూడా చూడాలి. అదే సర్వే నంబరులోని పక్క భాగంతో (బై నంబరుతో) పాటు పొరపాటున చేరిపోయినవి ఉంటాయి. వారసత్వ మార్పిడికి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, వారసులందరి ఆధార్, అసలు పాసుపుస్తకం కావాలి. అక్కచెల్లెళ్లూ వారసులే, వాళ్ల పేర్లు రాయకుండా పని తొందరగా అవుతుందని ఎవరైనా చెబితే వినకండి. అందరూ ఒకే మాట మీద ఉన్నా, ఎవరెవరు ఎప్పుడు హాజరవ్వాలో తహసీల్దారు ఆఫీసులో ముందే అడిగి తెలుసుకోండి. ఈ పని మీ ఒక్కరి ప్రయాణంలో పూర్తి కాకపోవచ్చు. ఈసారి కాగితాలు పోగుచేసుకుని, వచ్చేసారి అందరూ కలిసి వెళ్లేలా చూసుకోండి.

కౌలు మొత్తం ఎంత, ఎప్పుడిస్తారు, ఏ సంవత్సరానికి అన్నది కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టుకోండి. నోటిమాట మీద ఏళ్ల తరబడి నడిపితే మీకూ ఇబ్బందే, పంట పోయిన ఏడు ఆ రైతుకూ ఇబ్బందే.

చీకటి పడ్డాక, తెల్లవారకముందు చేలల్లోకి వెళ్లొద్దు. అడవిపందుల కోసం దొంగచాటుగా కరెంటు తీగలు కట్టేవాళ్లున్నారు. అది నేరం, అయినా ఆగలేదు. ఊరి రైతులే వాటికి బలైపోతున్నారు.

ప్రశ్న: మా పిల్లలకు ఇక్కడ స్విమ్మింగ్ పూల్‌లో బాగా ఈత వచ్చు. ఊరి చెరువులో, పొలం బావిలో దిగనివ్వొచ్చా? (పాఠకురాలు, డాలస్, అమెరికా)

చెరువులో వద్దు. పొక్లెయిన్లతో మట్టి తవ్విన చెరువుల్లో మోకాలి లోతు నీళ్ల పక్కనే నిలువుగా మూడు నాలుగు మీటర్ల గుంట ఉంటుంది. నీళ్లు బురదగా ఉండి అది కనపడదు. అడుగు మెత్తగా కాలిని పట్టేస్తుంది, నాచూ తీగలూ చుట్టుకుంటాయి. అడుగు కనిపించే నీళ్లలో నేర్చుకున్న ఈత అక్కడ అక్కరకు రాదు. కాలవలో అయితే తూము దగ్గరి లాగుడు పెద్దవాళ్లనే నిలవనివ్వదు. పొలం బావిలో ఇంకో ప్రమాదం ఉంది, మోటారు వైరు ఎక్కడైనా తెగి ఉంటే నీళ్లకే కరెంటు వస్తుంది.

దిగి తీరాలంటే మెట్లున్న బావిలో, రోజూ అక్కడ ఈదే ఊరివాళ్ల సమక్షంలో, మోటారు ఫ్యూజులు తీసి, పిల్లవాడి నడుముకు తాడు కట్టి దించండి. ఎవరైనా మునుగుతుంటే దూకడం కాదు, చీరో పంచో తాడో విసరాలి, మూతపెట్టిన ఖాళీ క్యాను విసరాలి. ఒడ్డుకు చేర్చాక తలకిందులు చేయడం, గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కడం చేయకండి. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఇస్తూ ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. 30 నొక్కులకు రెండు ఊపిరులు, 108 వచ్చేదాకా ఆపకూడదు.

మీ పిల్లలకు బయల్దేరే ముందే టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాలు వేయించండి. విరేచనాలైతే, లీటరుకని రాసున్న ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తాన్ని లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసుకు కొంచెం కొంచెం కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. కుక్క గీరినా కరిచినా సబ్బుతో, ధార కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. కారం, పసుపు పెట్టొద్దు. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇచ్చే సీరం కూడా కావాలి, అది అక్కడ లేకపోతే జిల్లా ఆసుపత్రికి పంపమని అడగండి.

ప్రశ్న: కట్టెల పొయ్యి మీద వండుదామని సరదాపడితే ఇల్లంతా పొగ, అన్నం అడుగంటింది, గిన్నెలు తోమలేక చేతులు పోయాయి. (పాఠకురాలు, పుణె)

పొగ వచ్చిందంటే కట్టె పచ్చిగా ఉందనో, పొయ్యి నోరు నిండా కూరారనో అర్థం. బొటనవేలి లావు ఎండుకట్టెలు మూడు చాలు, వాటి మధ్య గాలి ఆడాలి. కొబ్బరి ఎండాకు లేదా ఎండుపుల్లలతో రాజేసి, పిడక ముక్క పెట్టి, మంట నిలబడ్డాక కట్టె పెట్టండి. ప్లాస్టిక్ కవరు వేసి వెలిగించొద్దు, ఆరీ ఆరని నిప్పు మీద కిరోసిన్ పోయొద్దు. పాలిస్టరు చీరతో పొయ్యి ముందు కూర్చోకండి.

గిన్నె పొయ్యి ఎక్కించే ముందు బయటివైపు అడుగునా పక్కలా తడిమట్టి, బూడిద కలిపి పలుచగా పూయండి. వంటయ్యాక మసి ఆ మట్టితో పాటే ఊడివస్తుంది. అన్నం గంజి వార్చే పద్ధతిలో వండితే అడుగంటదు. బియ్యానికి అయిదింతల ఎసరు తెర్లాక బియ్యం వేసి, మెతుకు నలిపితే లోపల సన్నటి పలుకు తగులుతుండగానే వార్చేయాలి. తరువాత కట్టెలు బయటికి లాగి, నిప్పుల మీద మూతపెట్టి పది నిమిషాలు ఉంచండి. మంట అక్కడే ఉంచేసి మగ్గబెట్టడం వల్లే మీకు అడుగంటింది.

ప్రశ్న: ఊరినుంచి వచ్చిన పది రోజులకు మా అబ్బాయికి జ్వరం. డెంగీ, మలేరియా పరీక్షల్లో ఏమీ లేదన్నారు. ఊరికి వెళ్లొచ్చిన సంగతి చెప్పాలా? (పాఠకుడు, విజయవాడ)

తప్పకుండా చెప్పండి, అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది అదే. పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. కుట్టిన వారం, పది రోజులకు జ్వరం మొదలవుతుంది. కుట్టిన చోట నొప్పిలేని నల్లటి పక్కు, సిగరెట్టుతో కాల్చిన మచ్చలా ఉంటుంది. చంకలు, గజ్జలు, బెల్టు కింద, చెవి వెనక, తల వెంట్రుకల్లో బట్టలన్నీ తీసి వెతకండి. అందరికీ ఆ మచ్చ ఉండదు కాబట్టి కనపడకపోయినా డాక్టరుకు అనుమానం చెప్పండి. డాక్సీసైక్లిన్ సకాలంలో మొదలుపెడితే రెండు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాల దాకా పోతుంది. ఆయాసం, మగత కనిపిస్తే రేపటిదాకా ఆగకుండా ఆసుపత్రిలో చేర్చండి.